‘వెలుగు నతని’లో న ఎక్కడిది? హూ ముందు కామా ఉండాలా?

అరసున్న: గజేంద్రమోక్షంలో ‘పెంజీకటి కవ్వల నెవ్వం డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్’. ఇంగ్లీషు చేస్తూ ‘ఐ సర్వ్ హిమ్’ దగ్గర ఆగాను. ‘హూ షైన్స్’ ముందు కామా పెట్టాలా? మొదట్లో లోకేశులు ముందా, లోకస్థులు ముందా అన్నదీ తట్టడం లేదు.

గసడదవ: లోకేశులే ముందు. రెండు మాటలూ గణాలకు సరిపోతాయి, అందుకే తారుమారవుతాయి. కామా వద్దు. హూ నుంచి తీసేస్తే ఎవరిని సేవిస్తున్నాడో తెలియదు, కాబట్టి డిఫైనింగ్, అంటే ఎవరో తేల్చిచెప్పే ఉపవాక్యం. మన క్రియాజన్య విశేషణం (‘తప్పిన’ లాంటి మాట) ఈ తేడా చూపించదు, చిక్కంతా అక్కడే. ‘తప్పిన విద్యార్థులు మళ్ళీ రాయాలి’ చూడండి. ‘ద స్టూడెంట్స్ హూ ఫెయిల్డ్’ అని కామాల్లేకుండా రాస్తే తప్పినవాళ్ళే రాయాలి. హూకి ముందొకటి, ఫెయిల్డ్ తర్వాత ఒకటి పెడితే అందరూ తప్పినట్టే. చాలామంది ఆ రెండో కామా మరిచిపోతారు.

ఉపధ: ఇక్కడ విశేషణం ఎక్కడుందండీ? వెలుగున్ + అతని. వాక్యాన్ని ముగించే సమాపక క్రియ, ఆ న ద్రుతం, అంటే మాట చివరి నకారం.

గసడదవ: నుగాగమం (రెండు మాటల మధ్య కొత్తగా వచ్చి చేరే న) ఉంది గదా! చేయు + అతడు చేయునతడు అయినట్టే, వెలుగు + అతడు వెలుగునతడు.

ఉపధ: అయితే ‘ఎవ్వండు’కి క్రియ ఏదీ? ‘ఎవ్వనిచే జనించు’ పద్యంలోనూ ఎవ్వడు, వాని అన్న జంటే.

అరసున్న: అందులో ‘ఈశ్వరు’ అని పేరే ఉందిగా. పేరు తర్వాత వచ్చేది మామూలుగా నాన్ డిఫైనింగ్, అదనపు సమాచారమే. కామా తప్పదు, హూ బదులు దట్ పనికిరాదు.

ఉపధ: దానికి పెట్టండి. దీంట్లో పేరు లేదు, ‘ఎవ్వండు’ మాత్రమే.

గసడదవ: యతి చూశారా? ‘డే’కి ‘నే’, రెండింటిలోనూ ఏ. అతనిన్ + ఏ సేవింతున్. పోతన ద్రుతాన్ని ఎంత మెత్తగా కలుపుతాడో! మన ‘న’కి మాత్రం యతి సాయం లేదు. ‘గునతని’ ఆరో గణం, నలం (నాలుగు లఘువులు). ద్రుతమైనా ఆగమమైనా గణం నిలుస్తుంది. ‘కలడు కలండనెడివాడు’ ఇంకా అందం. అనెడివాడంటే అనబడేవాడు, కర్మ. ఇంగ్లీషులో హూమ్ రావాలి. డిఫైనింగ్ అయితే ఆ హూమ్ ఎగరగొట్టవచ్చు, కామా పడితే కుదరదు.

ఉపధ: కర్మ ఎందుకు? ‘రాముడనెడివాడు’ అన్నట్టు చదవండి. అప్పుడు ‘కలడు’ అన్నదే ఆయన పేరు.

అరసున్న: పేరైతే మళ్ళీ కామా కావాలి గదండీ?