ఆరో తరగతికి బోర్డింగ్ స్కూలు: పేరున్నదా, మావాడికి సరిపోయేదా?

మల్కాజిగిరి అమ్మ:

నమస్కారం అండి. నాది బ్యాంకు ఉద్యోగం, బదిలీలు తప్పవు. ఈసారి ఉట్నూరు వైపు వేస్తారని అంటున్నారు. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. అత్తగారికి మోకాళ్ళ ఆపరేషన్ అయింది, పిల్లవాడి వెనక తిరగడం ఇక ఆవిడ వల్ల కాదు. అందుకని వచ్చే జూన్ నుంచి మావాడిని బోర్డింగ్‌లో వేద్దామని అందరం కూర్చుని అనుకున్నాం. వాడూ సరేనన్నాడు. కాబట్టి హాస్టల్ అవసరమా అనే చర్చ ఇక్కడ వద్దండి, అది మా ఇంట్లో అయిపోయింది.

రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి ఉత్తరాదిన కొండల మీద ఉన్న పాత స్కూలు. పేరు చెప్తే అందరికీ తెలుస్తుంది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీకే ఒక పగలూ ఒక రాత్రీ, అక్కడి నుంచి మళ్ళీ కారు. రెండోది శంకర్‌పల్లి దాటాక ఉన్న చిన్న స్కూలు. సీబీఎస్ఈ, పిల్లలు రెండు వందల లోపే. మా అపార్ట్‌మెంట్‌లో ఆ పేరు చెప్తే "అదెక్కడా?" అంటారు.

ఇక మావాడి సంగతి. వాడికి నత్తి ఉంది. ప, క అక్షరాలతో మొదలయ్యే మాట దగ్గర ఆగిపోతాడు. ఆగినప్పుడు ఎడమ చేత్తో చొక్కా గుండీ పట్టుకుంటాడు. తొందర పెట్టకపోతే మాట పూర్తి చేస్తాడు, చెప్పేది కూడా వినదగ్గట్టే ఉంటుంది. ఇంట్లో పాత మిక్సీ, ఫ్యాను రెగ్యులేటర్ ఏది దొరికినా విప్పి మళ్ళీ బిగిస్తాడు.

పెద్ద స్కూల్లో ఇంటర్వ్యూ జరిగినప్పుడు మావాడు రెండు చోట్ల ఆగాడు. రెండుసార్లూ ఎదురుగా కూర్చున్నాయన వాడి వాక్యాన్ని తనే పూర్తి చేసేశారు. చాలా మర్యాదగా, నవ్వుతూనే. అక్కడ ప్రతి శనివారం పిల్లలందరూ వంతులవారీగా స్టేజీ మీద మాట్లాడాలట. చిన్న స్కూల్లో సైన్స్ మాస్టారు మమ్మల్ని తిప్పి చూపిస్తూ బోరు మోటారు దగ్గర ఆగారు. అది పాడై విప్పదీసి ఉంది. మావాడు అక్కడే కూలబడి కెపాసిటర్ గురించి ఏదో అడిగాడు. ఆయన చెప్పారు. వాడు మళ్ళీ అడిగాడు. మధ్యలో వాడు ఎన్నిసార్లు ఆగాడో నేను గమనించాను, ఆయన మాత్రం గమనించినట్టే లేదు.

నా మనసు ఎటు ఉందో మీకు అర్థమయ్యే ఉంటుంది. కానీ మామగారు అనే మాటా కొట్టిపారేసేది కాదు: "ఆ స్కూలు పేరు చెప్తే రేపు వాడికి ఎక్కడైనా తలుపు తెరుచుకుంటుంది. మాట తడబడేవాడికి ఆ పేరు ఇంకా ఎక్కువ అవసరం." దీనికి నా దగ్గర జవాబు లేదు. ఈ నెలాఖరుకి డబ్బు కట్టాలి. పిల్లల్ని బోర్డింగ్‌లో వేసినవాళ్ళు, అక్కడ చదువుకున్నవాళ్ళు చెప్పండి.

సర్వేల్ పాత విద్యార్థి:

అమ్మా, నేను నాచారంలో ఉంటాను. ఐదో తరగతి పాసై సర్వేల్ గురుకులంలో చేరినవాణ్ణి. 1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా పెట్టిన స్కూలు అది. మరుసటి ఏడు కొడిగెనహళ్ళి, తాడికొండ వచ్చాయి. మేం చదివే రోజుల్లో గురుకులం అంటే ఊళ్ళో ఎంత గౌరవమో చెప్పలేను. సీటొస్తే బస్సు దాకా ఊరంతా సాగనంపేది.

కానీ ఆ గౌరవం బోర్డు మీద పేరు వల్ల రాలేదమ్మా. మాస్టర్లు అక్కడే కాపురం ఉండేవాళ్ళు, దానివల్ల వచ్చింది. మా తెలుగు మాస్టారి క్వార్టర్ మెస్సు వెనకాలే. మాలో ఎవడికైనా జ్వరమొస్తే ఆయన భార్య స్టీలు డబ్బాలో పెసరకట్టు పంపేది, మిరియం తగిలించి. లెక్కల మాస్టారు రాత్రి స్టడీ అవర్‌లో కుర్చీలో కూర్చునేవారు కాదు, మా పక్కన చాప మీదే. క్లాసులో చెయ్యెత్తలేని పిల్లవాడు ఆ చాప మీద అడిగేవాడు. నేను అడిగింది అక్కడే.

అందుకని ఒక్కటే కనుక్కోండి. సాయంత్రం ఆరు తర్వాత, పొద్దున ఆరు లోపల, మీవాడి దగ్గర ఎవరుంటారు? టీచర్లు లోపలే ఉంటారా, నాలుగింటి బస్సుకి వెళ్ళిపోతారా? వార్డెన్ ఎన్నేళ్ళుగా ఉన్నారు? ముప్పై ఏళ్ళ కిందట చదివి పెద్దవాళ్ళైనవారి వల్ల స్కూలుకి పేరొస్తుంది. మీవాడిని నిద్రలేపేది మొన్న జూన్‌లో చేరిన వార్డెన్. రెండు స్కూళ్ళకీ ఈ లెక్క వర్తిస్తుంది, చిన్నదానికి కూడా.

బేగంపేట:

నేను మీ మామగారి పక్షం అండి, కొంతవరకు.

నేను హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివాను. 1923లో జాగీర్దార్ల పిల్లల కోసం మొదలైన కాలేజీ, 1951లో పబ్లిక్ స్కూలుగా మారింది. సత్య నాదెళ్ళ చదివిన స్కూలని ఇప్పుడు అందరూ చెప్పుకుంటారు. మా నాన్న చిన్న కాంట్రాక్టర్. ఆ మైదానాలు, ఆ లైబ్రరీ, గుర్రపు స్వారీ, ఇవి మా ఇంటి స్తోమతతో ఇంకెక్కడా నాకు దొరికేవి కావు. ఎవరి ముందైనా బెరుకు లేకుండా నిలబడటం అక్కడే వచ్చింది. పాత స్కూలు అంటే ఉత్త పేరు కాదు. స్థలం, డబ్బు, ఏళ్ళ తరబడి మారని స్టాఫ్ ఉంటాయి. ఒక మంచి టీచర్ వెళ్ళిపోయినా స్కూలు నిలబడుతుంది. చిన్న స్కూల్లో ఆ సైన్స్ మాస్టారు రేపు మానేస్తే? మీరు స్కూల్ని చూసి వేస్తున్నారా, ఆయన్ని చూసి వేస్తున్నారా?

కాబట్టి చిన్న స్కూలుకి సీబీఎస్ఈ గుర్తింపు ఏ తరగతి వరకు, ఏ సంవత్సరం వరకు ఉందో బోర్డు వెబ్‌సైట్లో మీరే చూడండి, వాళ్ళ బ్రోచర్‌ని నమ్మకండి. స్థలం సొంతమా, లీజా అడగండి. పదో తరగతి బ్యాచ్‌లు ఎన్ని బయటికి వచ్చాయో అడగండి.

పెద్ద స్కూలు విషయంలో నాకూ ఒక సందేహం ఉంది. శనివారం స్టేజీ నాలాంటివాడికి మేలు చేసింది. కానీ నాది సిగ్గు. మీవాడిది సిగ్గు కాదు. ఆ తేడా వాళ్ళకి తెలుసో లేదో మీరు తెలుసుకోవాలి.

స్పీచ్ థెరపిస్ట్, తార్నాక:

పైన ఆయన చివర్లో అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. నత్తి బెరుకు వల్ల రాదు, తెలివి తక్కువై రాదు, పెంపకంలో లోపం వల్ల రాదు. మాట్లాడటం మొదలుపెట్టిన తొలి ఏళ్ళలో చాలామంది పిల్లలకి వచ్చి దానంతటదే పోతుంది. పదేళ్ళు దాటాక కూడా ఉంటే, ఎక్కువగా మగపిల్లల్లో ఉంటుంది, కొంతవరకు నిలిచిపోవచ్చు. అప్పుడు మేం చేసేది దాన్ని మాయం చేయడం కాదు. మాట ఆగినా భయపడకుండా, మాట మార్చుకోకుండా చెప్పదలచుకున్నదే చెప్పడం నేర్పడం.

మాట మార్చుకోవడం అంటే ఏమిటంటే, 'పప్పు' అనలేక 'సాంబారు చాలు' అంటారు. మెస్సులో ఇష్టం లేనిది తింటారు. జవాబు తెలిసినా తెలియదంటారు. వేరేవాళ్ళు వాక్యం పూర్తి చేసే చోట పిల్లలు ఇది త్వరగా అలవాటు చేసుకుంటారు. పైకి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

స్టేజీ చెడ్డది కాదు. బలవంతపు స్టేజీ చెడ్డది. రెండు స్కూళ్ళకీ మెయిల్ పెట్టండి: మావాడు సిద్ధమయ్యేదాకా శనివారం ప్రసంగం నుంచి మినహాయింపు ఇస్తారా, వారానికోసారి ఆన్‌లైన్ థెరపీకి తలుపు వేసుకునే గదీ నెట్టూ ఇస్తారా, వెక్కిరింపు జరిగితే ఎవరు ఏం చేస్తారు? రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. చేరేలోపు ఒకసారి పరీక్ష చేయించాలనుకుంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో వినికిడి, మాట ఇబ్బందులు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మీకు దగ్గరే.

ఇద్దరు పిల్లల తల్లి, నల్లగండ్ల:

మా ఇంట్లో ఇద్దరినీ బోర్డింగ్‌లోనే చదివించాం, రెండూ పేరున్నవే, అయినా ఒకరి స్కూలు రెండోవాళ్ళకి పనికొచ్చేది కాదు. అందుకే రాస్తున్నాను.

పెద్దమ్మాయి మదనపల్లె దగ్గర రిషీవ్యాలీలో చదివింది. జిడ్డు కృష్ణమూర్తి గారు మొదలుపెట్టిన స్కూలు, 1926 నుంచీ ఉంది. యూనిఫాం లేదు, ర్యాంకుల గోల లేదు, శాకాహారమే. సాయంత్రం పిల్లలందరూ కూర్చుని మాట్లాడకుండా సూర్యాస్తమయం చూస్తారు, అస్తాచల్ అంటారు. మా అమ్మాయికి అది ప్రాణం. సెలవులకి ఇంటికొచ్చినా సాయంత్రం డాబా ఎక్కేది.

మావాడిని తీసుకెళ్ళి అదే చూపిస్తే మొహం మాడ్చుకున్నాడు. "ఇక్కడ ఎవరు ఫస్టో ఎలా తెలుస్తుంది?" అన్నాడు. వాడికి పందెం కావాలి, గెలుపోటములు కావాలి, పొద్దున్నే విజిల్ వేసి లేపేవాళ్ళు కావాలి. ఆరో తరగతికి సైనిక్ స్కూల్ ఎంట్రన్స్ రాసి కోరుకొండ వెళ్ళాడు. విజయనగరం రాజుల ప్యాలెస్‌లో 1962లో పెట్టిన స్కూలు. బూట్లకి పాలిష్ పెట్టే పద్ధతి సెలవుల్లో అక్కకి పాఠం చెప్పేవాడు. బంధువుల్లో సగం మంది "అక్కకి అంత మంచి స్కూలు, తమ్ముడిని ఎందుకలా దూరం పంపారు?" అన్నారు. మిగతా సగం "ఆడపిల్లని అలా స్వేచ్ఛగా వదిలేశారేం?" అన్నారు. రెండు మాటలూ విన్నాం, ఊరుకున్నాం.

ఆ అనుభవంతో చెప్తున్నా. ఆదివారం స్కూలు చూపించే రోజున వెళ్ళకండి. మామూలు వారంరోజున, రాత్రి భోజనం వేళకి వెళ్ళండి. ముందు మెస్సు కాదు, బాత్రూములు చూడండి. బకెట్లు ఎన్ని, గడియ పడుతుందా, వేడినీళ్ళు చివరి పిల్లవాడి దాకా వస్తాయా. తర్వాత సిక్ రూమ్‌కి వెళ్ళి రాత్రి నర్సు ఉంటుందో లేదో కళ్ళారా చూడండి. వడ్డించేవాళ్ళు పిల్లల్ని పేరుపెట్టి పిలుస్తున్నారా వినండి. ఎనిమిదో తరగతి పిల్లల దగ్గర కాసేపు ఒంటరిగా కూర్చోనిమ్మనండి. వద్దంటే నా మట్టుకు అది చాలు, అక్కడి నుంచి వచ్చేస్తాను.

దూరం సంగతి కూడా. మీరు ఉట్నూరులో ఉండి, వాడికి జ్వరమని రాత్రి ఫోనొస్తే శంకర్‌పల్లికి తెల్లారేసరికి చేరతారు. ఢిల్లీ దాటి కొండ ఎక్కాలంటే? భర్త మస్కట్‌లో ఉన్న ఇంటికి ఇది చిన్న విషయం కాదండి.

మామగారి మాటకి జవాబు అడిగారు కదా. స్కూలు పేరు తలుపు తెరవచ్చు. లోపలికి వెళ్ళాక మాట్లాడాల్సింది మీవాడే. ఏడేళ్ళు తన వాక్యాన్ని తనే పూర్తి చేసినవాడు మాట్లాడతాడు.

ఉప్పల్:

నవోదయ రాయించారా? ఆరో తరగతికే ప్రవేశం, ఫీజు దాదాపు లేనట్టే. ముప్పావు వంతు సీట్లు పల్లెల్లో చదివిన పిల్లలకే కాబట్టి సిటీవాళ్ళకి పోటీ గట్టిగా ఉంటుంది. అయినా ఒక ఆలోచన.

మల్కాజిగిరి అమ్మ:

అందరికీ చాలా థాంక్స్ అండి. నవోదయ ఈ ఏడాది గడువు దాటిపోయింది.

రెండు స్కూళ్ళకీ తార్నాక మేడమ్ చెప్పిన మూడు ప్రశ్నలూ మెయిల్ పెట్టాను. పెద్ద స్కూలు నుంచి మర్నాడే జవాబు వచ్చింది: కౌన్సెలర్ ఉన్నారు, నెట్ సదుపాయం ఇస్తాం, కానీ శనివారం ప్రసంగం అందరికీ తప్పనిసరి, అది మా సంప్రదాయం అని. చిన్న స్కూలు నుంచి జవాబు రాలేదు. ఫోన్ చేస్తే ప్రిన్సిపల్ గారు "ఇలాంటి పిల్లవాడు మాకు ఇదివరకు లేడు. మీ థెరపిస్ట్ మా టీచర్లతో ఒక గంట మాట్లాడతారా?" అని ఆవిడే అడిగారు. బేగంపేట గారు చెప్పినట్టు సీబీఎస్ఈ సైట్లో చూశాను, గుర్తింపు పదో తరగతి వరకే ఉంది. అంటే ఇంటర్‌కి మళ్ళీ వెతుక్కోవాలి. అది మామగారికి దాచకుండా చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "నేనూ వస్తా, ఆ బాత్రూములు నేను చూస్తా" అన్నారు.

గురువారం సాయంత్రం బ్యాంకు నుంచి త్వరగా బయల్దేరి ముగ్గురం వెళ్తున్నాం. సర్వేల్ అన్నగారూ, టీచర్ల క్వార్టర్లు లోపలే ఉన్నాయన్నారు, కానీ ఎంతమంది నిజంగా ఉంటున్నారో ఎలా తెలుసుకోవాలి?

సర్వేల్ పాత విద్యార్థి:

రాత్రి ఎనిమిది తర్వాత క్వార్టర్ల వైపు నడవండమ్మా. ఎన్నింటికి తాళాలున్నాయో, ఎన్ని దండేల మీద బట్టలు ఆరేసి ఉన్నాయో చూడండి. ఆ సైన్స్ మాస్టారి ఇల్లు ఏదో కూడా అడగండి.