అటాచ్‌మెంట్ పేరులో మొదటి పదం మాత్రమే మిగులుతోంది

ప్రశ్న:
నమస్కారం. మా అపార్ట్‌మెంట్ సంఘం లెక్కలు నేను చూస్తున్నాను. ప్రతి నెలా లెక్కల సాఫ్ట్‌వేర్ నుంచే అన్ని ఫ్లాట్లకూ మెయిల్ వెళ్తుంది. ‘ఆగస్టు నెల నిర్వహణ ఖర్చులు’, ‘ఆగస్టు నెల నీటి ట్యాంకర్లు’ అని రెండు పీడీఎఫ్ ఫైళ్లు జతచేస్తే, అందుకున్నవారికి రెండూ ‘ఆగస్టు’ అనే పేరుతోనే చేరుతున్నాయి. చివర పీడీఎఫ్ అన్న గుర్తు కూడా ఉండకపోవడంతో చాలామంది ఫోన్లలో అవి తెరుచుకోవడం లేదు. పై అంతస్తులోని పెద్దాయన ఒకరు వైరస్ అనుకుని తీసేశారు. అవే ఫైళ్లను నా జీమెయిల్ నుంచి పంపితే పేరు పూర్తిగా వస్తోంది. లోపం ఎక్కడుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు:
పేరు సరిగ్గా మొదటి ఖాళీ దగ్గరే తెగుతోంది కనుక కొటేషన్ గుర్తులు లేవని నా అనుమానం. మెయిల్ మూలపాఠంలో, అంటే మామూలుగా మనకు కనబడని దాని అసలు రూపంలో, ఫైలు పేరు కంటెంట్-డిస్పోజిషన్ అనే వరుసలో ఉంటుంది. ఖాళీలున్న పేరును అక్కడ జంట కొటేషన్ల మధ్య ఉంచాలి, లేకపోతే చదివే ప్రోగ్రామ్ ఖాళీ రాగానే పేరు ముగిసిందనుకోవచ్చు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్ దగ్గరి మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కి చూడండి. అందిన ఫైళ్లు చెడిపోయి ఉండవు. సేవ్ చేసుకుని, పేరు చివర చుక్క పెట్టి పీడీఎఫ్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో చేరిస్తే తెరుచుకుంటాయి.

ప్రశ్న అడిగినవారు:
చూశానండీ. పేరుకు అటూ ఇటూ ఏ గుర్తూ లేదు. తెలుగు అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే కనబడుతున్నాయి.

మరో జవాబు:
అలా కనబడటం రెండో లోపం. 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2231 అనే మెయిల్ ప్రమాణం ప్రకారం ఇంగ్లిష్ కాని అక్షరాలను శాతం గుర్తులతో సంకేతాలుగా మార్చి పంపాలి. ‘తెలుగు’ అన్న చిన్న మాటనే తీసుకోండి: గుణింతపు గుర్తులతో కలిపి అందులో 6 యూనికోడ్ గుర్తులున్నాయి, అక్షరాలను కంప్యూటర్‌లో బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో అవి 18 బైట్లు, సంకేతాలుగా మారితే బైటుకు మూడు చొప్పున 54 అక్షరాలు. వరుసకు 78 అక్షరాలు దాటవద్దన్నది మెయిల్ ప్రమాణాల సూచన కాబట్టి, పొడుగు పేర్లను ముక్కలుగా విడదీసి పంపుతారు; ఆ ముక్కలను కలపలేని ప్రోగ్రామ్‌లలో పేరు మళ్లీ తెగుతుంది. అందువల్ల కొటేషన్లు, సంకేతాలు రెండింటినీ సరిచేయమని సాఫ్ట్‌వేర్ వారికి రాయండి. తెలుగు పేర్లు వదులుకోమనడం నాకు ఇష్టం లేదు కానీ, వారు సరిచేసేదాకా ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీల బదులు అండర్‌స్కోర్ పెట్టి పంపడమే క్షేమం.

ప్రశ్న అడిగినవారు:
అండర్‌స్కోర్‌తో పంపితే రెండు ఫైళ్లూ పూర్తి పేర్లతో చేరాయి. పెద్దాయన ఫోన్‌లోనూ తెరిచి చూపించాను. మూలపాఠంలోని ఆ వరుసను జతచేసి సాఫ్ట్‌వేర్ వారికి ఈరోజే రాశాను. ఇద్దరికీ కృతజ్ఞతలు.