మస్తిష్కమేరు ద్రవం ఎటు పోతుంది: సిరల్లోకా, శోషరస నాళాల్లోకా?

మొదటి ఏడాది విద్యార్థిని
మెదడు చుట్టూ ఉండే మస్తిష్కమేరు ద్రవం లౌతికళ గుళికల (మెదడును కప్పే పొరల్లో ఒకటైన లౌతికళ నుంచి సిరల్లోకి పొడుచుకువచ్చే చిన్న బుడిపెల) గుండా సిరల్లోకి చేరుతుందని మా తరగతిలో చెప్పారు. పరీక్షలో నేను శోషరస నాళాల (లింఫ్ నాళాలు, అంటే కణజాలాల్లోని అదనపు ద్రవాన్ని మోసుకుపోయే నాళాల) మార్గాన్ని కూడా రాస్తే మార్కులు తగ్గించారు. నేను రాసింది తప్పా?

విశ్రాంత బోధకుడు
మార్కులు తగ్గించినవారిని నేను తప్పుపట్టనమ్మా. పెద్దవారిలో ఈ ద్రవం సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు తయారవుతుంది కనుక అంతా రోజుకు మూడు సార్లకు పైగా మారిపోవాలి. 1875లో కీ, రెట్జియస్ అనే శాస్త్రవేత్తలు మృతదేహాల్లోకి రంగు కలిపిన జెలటిన్ ఎక్కించినప్పుడు అది గుళికల్లోకి వెళ్లడం చూశారు. 1914లో వీడ్ చేసిన ప్రయోగాలు ఆ మార్గాన్నే బలపరిచాయి. ముప్పై ఏళ్లు నేను బోధించింది ఇదే.

చెరువుగట్టు
అయ్యా, చరిత్రను సగంలో మొదలుపెట్టారు. కీ, రెట్జియస్ కంటే ముందే, 1869లో, ష్వాల్బే కుక్కల్లో రంగు ఎక్కించి శోషరస మార్గమే ముఖ్యమని చెప్పాడు. మెదడు పొరల్లో శోషరస నాళాలు ఉన్నాయని మస్కాన్యీ 1787లోనే రాస్తే ఎవరూ నమ్మలేదు. 2015లో వర్జీనియా, హెల్సింకీ పరిశోధకులు విడివిడిగా చుంచెలుకల్లో వాటిని మళ్లీ చూపించారు. 2017లో జ్యూరిక్ బృందం, చుంచెలుకల్లో ఈ ద్రవం ప్రధానంగా శోషరస నాళాల ద్వారానే బయటికి వెళుతుందని తేల్చింది. విద్యార్థిని రాసింది ముమ్మాటికీ సరైనదే.

విశ్రాంత బోధకుడు
"ప్రధానంగా" అన్న మాట దగ్గరే నా అభ్యంతరం. చుంచెలుక తలలో ఉండే మొత్తం ద్రవం ఒక చుక్కకు మించదు. ముక్కు పైనున్న జల్లెడలాంటి ఎముక గుండా, వాసన నాడుల వెంబడి ద్రవం కారిపోవడానికి ఆ జీవికి ఉన్నంత వీలు, వాసన మీద అంతగా బతకని మనిషికి ఉందని ఎలా అనుకుంటాం?

చెరువుగట్టు
గొర్రె చుంచెలుక కాదు కదా. టొరంటోలో గొర్రెల మీద చేసిన ప్రయోగాల్లో దాదాపు సగం ద్రవం శోషరస మార్గంలోనే పోయింది. పుట్టిన బిడ్డలో కంటికి కనిపించే గుళికలు దాదాపు ఉండవు. మరి ఆ బిడ్డ తలలోని ద్రవం ఎటు పోతోంది? మనుషుల్లోనే 2018లో ఓస్లో వైద్యులు నడుము దగ్గర వెన్నులోకి కాంట్రాస్టు మందు (స్కానులో స్పష్టంగా కనిపించే మందు) ఎక్కించి ఎమ్మారై తీస్తే, ఆ మందు మెడలోని శోషరస గ్రంథులకు చేరినట్టు కనిపించింది.

విశ్రాంత బోధకుడు
చేరడం వేరు, ఎంత చేరిందన్నది వేరు. మీరు పదే పదే మొదటిదాన్ని చూపి రెండోదాన్ని ఒప్పించాలని చూస్తున్నారు.

కృష్ణ ఒడ్డు
రెండు దారులూ ఉన్నాయంటే సరిపోదా?

బాబు అమ్మ
సరిపోదండీ. మా బాబుకు నాలుగో నెలలో తలలో నీరు, అంటే ఈ ద్రవమే, చేరితే షంట్ (దాన్ని బయటికి మళ్లించే గొట్టం) వేశారు. నిరుడు ఒక చికిత్సా కేంద్రంలో, మెడ దగ్గర శోషరస మర్దన చేస్తే ఆ నీరు దానంతటదే దిగిపోతుందని, క్రమంగా షంట్ అవసరం ఉండదని చెప్పారు. గోడమీద చుంచెలుక మెదడు బొమ్మ కూడా పెట్టారు. షంట్ మూసుకుపోయి బాబు వాంతులు చేసుకుంటూ మగతగా పడి ఉంటే, మర్దన పనిచేస్తోందేమోనని ఒకటిన్నర రోజు ఆగాను. తరువాత ఆపరేషన్ చేశారు. ఆ ఒకటిన్నర రోజును నేను మరచిపోలేను.

చెరువుగట్టు
అమ్మా, చాలా బాధగా ఉంది. కానీ మోసగాళ్లు వాడుకున్నంత మాత్రాన పరిశోధన తప్పయిపోదు.

విశ్రాంత బోధకుడు
తప్పని ఎవరన్నారు? "ప్రధానంగా" అని మీరు ఇక్కడ తేలిగ్గా రాసిన మాటే ఆ గోడమీదికి ఎక్కింది. మతిమరుపు జబ్బుకు మెడ శోషరస నాళాలను సిరలకు కలిపే శస్త్రచికిత్స చైనాలో ఎందరికో చేసేశారు. చాలినన్ని ఆధారాలు లేవని 2025లో అక్కడి ప్రభుత్వమే ఆపించవలసి వచ్చింది.

చెరువుగట్టు
మీ జాగ్రత్తకు కూడా ఒక మూల్యం ఉందండీ. మా నాన్నగారు అల్జీమర్స్‌తో తొమ్మిదేళ్లు మంచం పట్టారు. మెదడు తన వ్యర్థాలను ఎలా బయటికి పంపుతుందని నేను అడిగిన ప్రతిచోటా, పుస్తకంలో ఉన్నదే చెప్పి పంపేశారు. మస్కాన్యీ మాటను రెండు వందల ఏళ్లు పక్కన పెట్టింది కూడా ఈ జాగ్రత్తే. నాకు కోపం మీ మీద కాదు. "తెలిసిపోయింది, ఇక అడగకు" అనే ధోరణి మీద.

విశ్రాంత బోధకుడు
ఇది ముందే చెప్పి ఉంటే ఇంత వాదించేవాణ్ణి కాదు. అడగవద్దని నేను అనను. కొలవకముందే బాధలో ఉన్న కుటుంబానికి దాన్ని జవాబుగా చెప్పవద్దంటున్నాను.

చెరువుగట్టు
మనుషుల విషయంలో "ప్రధానంగా" అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. చుంచెలుకల విషయంలో మాత్రం తీసుకోను.

విశ్రాంత బోధకుడు
విద్యార్థినీ, మీ మార్కుల సంగతి నేను తొందరపడి చెప్పాను. రెండు మార్గాలూ రాయండి. మనిషిలో ఏది ఎంత మోస్తుందో ఇంకా తేలలేదని కూడా ఒక వాక్యం చేర్చండి. దానికి మార్కులు తగ్గిస్తే నాకు చెప్పండి, నేనే మీ అధ్యాపకులకు రాస్తాను.

బాబు అమ్మ
షంట్ ఉన్న పిల్లలు వాంతులు చేసుకుని మగతగా ఉంటే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నది కూడా ఎవరైనా పైన, అందరికీ కనిపించేలా పెట్టండి.