వానాకాలం తర్వాత తోలు జాకెట్‌కి బూజు పట్టింది, ఎలా శుభ్రం చేయాలి?

విశాఖ_రైడర్:
జూన్ నుంచి బీరువాలో ఉన్న రైడింగ్ జాకెట్‌ని బయటికి తీస్తే కాలర్ మీద, చంకల దగ్గర తెల్లటి బూజు ఉంది. నల్లటి ఆవు తోలు, ఛాతీ మీద గాలాడటానికి సన్న చిల్లులు. మోచేతుల దగ్గర గట్టిపడి, వంచితే గీతలు కనిపిస్తున్నాయి. మేకతోలు గ్లోవ్స్ చెమటకి అట్టల్లా అయ్యాయి. ఇంట్లోవాళ్లు కొబ్బరినూనె రాయమంటున్నారు. సబ్బుతో కడగొచ్చా?

కుట్టు_దారం:
సబ్బు వద్దండి, బట్టల పొడి అసలే వద్దు. ఈ జాకెట్ల తోలు ఎక్కువగా క్రోమియం లవణాలతో పదును చేసినది (పచ్చి తోలు కుళ్లకుండా శుద్ధి చేయడం), స్వభావం కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది. ఒంటి సబ్బు పీహెచ్ 9-10 దాకా, అంటే క్షారం వైపు ఉంటుంది కాబట్టి మురికితో పాటు తోలులోని నూనెనీ లాగేస్తుంది.

ముందు బూజు. ఇంట్లో దులిపితే మిగతా బట్టలకీ అంటుకుంటుంది, మాస్కు పెట్టుకుని మేడ మీద చేయండి. భుజాలు, మోచేతులు, వీపు దగ్గరి ఆర్మర్ ప్యాడ్లు తీసేయండి. లైనింగ్ ఊడేదైతే దాన్నీ తీసి విడిగా ఉతకండి, బూజు అందులోనూ ఉంటుంది. మెత్తటి బ్రష్‌తో దులిపాక, మెడికల్ షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి అంతే నీళ్లు కలిపి, అందులో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి. లోపలి మడతలో ఒకచోట ముందు చూసుకోండి, గుడ్డకి నల్లరంగు దిగితే ఆల్కహాల్ మానేయాలి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

తర్వాత అర లీటరు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను పిల్లల షాంపూ కలిపి, నురగ మాత్రమే గుడ్డతో తీసుకుని ఒక్కో భాగం తుడవండి. కాలర్, కఫ్‌ల దగ్గర చెమట ఉప్పు పేరుకుంటుంది, అక్కడ ఇంకోసారి. చివర్లో మంచినీళ్ల గుడ్డతో రెండుసార్లు. వెడల్పాటి హ్యాంగర్‌కి వేసి నీడలో, ఫ్యాన్ గాలికి ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి. ఎండ, హెయిర్ డ్రయర్ పనికిరావు. వేడికి త్వరగా ఆరితే తోలులోని నార ఒకదానికొకటి అతుక్కుని బిగుసుకుపోతుంది. మీ గ్లోవ్స్ అట్టలవడానికీ ఇదే కారణం కావచ్చు.

ఘాట్_రోడ్డు:
కొబ్బరినూనె గురించి నేను చెప్తాను. రాసిన చోటల్లా ఒకేలా ఇంకదు, మరకలు పడతాయి, దుమ్ము పట్టేస్తుంది. 24 డిగ్రీల కంటే చలి ఉంటే గడ్డకడుతుంది, అరకు చలిలో మడతల్లో తెల్లగా తేలుతుంది. మామూలు లెదర్ కండిషనర్ చాలు.

జాకెట్ పూర్తిగా ఆరాకే రాయాలి. మొత్తానికి నాలుగైదు టీస్పూన్లు, అంటే 20-25 మి.లీ. మించొద్దు. తోలు మీద పోయకుండా గుడ్డకి తీసుకుని పల్చగా రుద్ది, రాత్రంతా వదిలేసి, పొద్దున మిగిలింది పొడిగుడ్డతో తుడిచేయండి. చిల్లుల దగ్గర దాదాపు పొడిగా ఉన్న గుడ్డ వాడండి, పూడుకుంటే గాలాడదు. ఎక్కువ రాస్తే మంచిదనుకోవద్దు. మరీ మెత్తబడిన తోలు సాగుతుంది, కిందపడినప్పుడు కుట్టు దగ్గర చిరగడానికి అదే దారి.

మోచేతి గీతలు దగ్గరగా చూడండి. పైరంగు మీదే అయితే పర్లేదు. గీతలోంచి లేత రంగు నార కనిపించినా, గోరుతో గీరితే పొడి రాలినా ఆ తోలు తెగిపోతోందని అర్థం. తెగిన నారని ఏ కండిషనరూ అతికించదు. అక్కడ తోలు ముక్క మార్పించే దాకా ఆ జాకెట్‌తో హైవే ఎక్కకండి.

మేకతోలు:
గ్లోవ్స్ చేతికి తొడుక్కునే కడగండి, అదే షాంపూ నీళ్లతో, చేతులు కడుక్కున్నట్టే. నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, తువ్వాలులో పెట్టి నొక్కండి, పిండొద్దు. తీసేటప్పుడు వేళ్లు పట్టుకుని లాగితే లైనింగ్ తిరగబడి వస్తుంది, మళ్లీ లోపలికి తోయడం నరకం. మణికట్టు వైపు నుంచి మెల్లగా జరపాలి. సగం ఆరాక ఓసారి తొడిగి పదిసార్లు పిడికిలి బిగించి వదలండి, మీ చేతి ఆకారానికే ఆరుతాయి. కండిషనర్ వేళ్ల వెనకవైపే రాయండి. అరచేతికి రాస్తే బ్రేక్ లీవర్ జారుతుంది.

విశాఖ_రైడర్:
చాలా థాంక్సండీ. మళ్లీ బూజు రాకుండా కలరా ఉండలు వేస్తే సరిపోతుందా?

కుట్టు_దారం:
కలరా ఉండలు పురుగులకే, బూజుని ఆపవు. బూజుకి కావలసింది తేమ. ప్లాస్టిక్ కవర్ తీసేసి పాత కాటన్ దుప్పటి కప్పండి, జేబుల్లో సిలికా జెల్ పొట్లాలు పెట్టండి, వానాకాలంలో వారానికోసారి ఫ్యాన్ కింద గంటసేపు వేలాడదీయండి. వానలో తడిసిన జాకెట్ అయితే పూర్తిగా ఆరేదాకా బీరువాలోకి వెళ్లకూడదు. జిప్ బిగుసుకుంటే పళ్ల మీద కొవ్వొత్తి రుద్దండి, నూనె కాదు.

కొత్త_బండి:
నా జాకెట్ మోచేతి దగ్గర పొరలు పొరలుగా ఊడి కింద గుడ్డ కనిపిస్తోంది. దానికీ ఇదే కండిషనరా?

ఘాట్_రోడ్డు:
కింద గుడ్డ కనిపిస్తే అది రెక్సిన్ తమ్ముడూ, తోలు కాదు. కండిషనర్ డబ్బులు దండగ, రోడ్డు మీద ఒరుసుకుంటే అది ఆగదు కూడా.