అన్న జీతం చూసి చెల్లి ఫీజు ఆపేయడం న్యాయమేనా?

నాగావళి_గట్టు:
మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. నాన్న కౌలు రైతు, అమ్మ ఉపాధి పనికి వెళ్తుంది. రెండేళ్ల కిందట నాకు హైదరాబాద్‌లో నెలకు 28 వేల ఉద్యోగం వచ్చింది, అందరూ వేయమంటే ఐటీ రిటర్న్ కూడా వేశాను. రైస్ కార్డులో నా పేరు అమ్మానాన్నలతోనే ఉండటంతో నా జీతం ఇంటి ఆదాయంలో కలిసి చెల్లి బీటెక్ మూడో ఏడాది ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆగిపోయింది. సరే, అప్పుడు జీతం ఉంది, ఏదోలా కట్టాం. ఇప్పుడు ఉద్యోగం పోయి ఐదు నెలలైంది. సచివాలయంలో అమ్మాయి సిస్టమ్ నావైపు తిప్పి చూపిస్తే, నేనింకా సంపాదిస్తున్నట్టే ఉంది. కాలేజీ వాళ్లేమో కడితేగాని హాల్ టికెట్ ఇవ్వమంటున్నారు.

గజపతినగరం_బాబాయ్:
తమ్ముడూ, నువ్వు ఇంటికి డబ్బులు పంపావు కదా, మరి అది ఇంటి ఆదాయం కాదా? ఉద్యోగం పోయిందన్న ప్రతివాడికీ మధ్యలో మార్చేస్తే రేపు అందరూ అదే చెబుతారు. మా వీధిలో రెండంతస్తుల డాబా ఉన్నాయన దగ్గర లక్షన్నర ఆదాయం సర్టిఫికెట్ ఉంది తెలుసా? వ్యాపారమంతా నగదులోనే మరి.

ఉద్దానం_కుర్రోడు:
బాబాయ్, నువ్వే చెప్పేశావు. నగదులో తిరిగేవాడు తప్పించుకుంటాడు, జీతం బ్యాంకులో పడేవాడు దొరికిపోతాడు. 2018లో తిత్లీ తుఫానుకి మా జీడితోట పడిపోయింది, కొత్త మొక్క కాపుకొచ్చేదాకా తినడానికే అప్పు చేశాం. కాగితం మీద మాత్రం భూమి భూమే, చెట్లు నిలబడి ఉన్నాయా పడిపోయాయా అని ఏ గడిలోనూ అడగరు.

రాజాం_లెక్కలు:
అసలు తిరకాసు ఫీజుకి పెట్టిన ఆ ఆదాయం గీతలో ఉంది. 2019లో అన్ని వర్గాలకూ ఏడాదికి 2.5 లక్షలు అన్నారు, అంటే నెలకు 20,833. ఇంట్లో 21 వేలు వస్తే ఏడాదికి 2 వేలు ఎక్కువ, ఆ 2 వేల కోసం పిల్ల ఫీజు మొత్తం పోతుంది, ఇదేటి లెక్క? కేంద్రం ఇచ్చే విద్యాలక్ష్మి చదువు లోన్‌లో చూడండి, ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపు వాళ్లకు ఒక రకం వడ్డీ రాయితీ, 8 లక్షల దాకా 3 శాతం. అది ఎంపిక చేసిన కాలేజీలకే అనుకోండి, మన వీధి చివరి కాలేజీకి రాదు. కానీ ఒకే గీత కాకుండా ఆదాయాన్ని బట్టి మెట్లు పెట్టొచ్చని తెలుస్తోంది కదా.

గజపతినగరం_బాబాయ్:
మెట్లు పెడితే ఒప్పుకుంటాను. మధ్యలో మార్చడం మాత్రం కాగితం చూశాకే, నోటి మాట మీద కాదు. రిలీవింగ్ లెటర్, ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టి తహసీల్దార్ ఆఫీసులో ఆదాయం సర్టిఫికెట్ కొత్తగా అడుగు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ కూడా ఇయ్యి, రసీదు మాత్రం మర్చిపోకు.

నాగావళి_గట్టు:
నా పేరు వేరే కార్డుకి మార్చమని అడిగితే పెళ్లయ్యాక రమ్మన్నారు బాబాయ్, చెల్లి ఫీజు కోసం నేను పెళ్లి చేసుకోవాలా? సరే, రిలీవింగ్ లెటర్ మూడు జిరాక్సులు తీయించాను. చెల్లి ఇంకో రెండు తీయించమంటోంది, ఎక్కడ పడేస్తారో తెలీదని.