కాకటీల్‌కు మాంసకృత్తులు: గుడ్డు తప్పదా, పెసలు చాలవా?

శ్రావణి (సత్యనారాయణపురం, విజయవాడ):
అందరికీ నమస్కారం. మా ఇంట్లో పద్నాలుగు నెలల లుటినో (పసుపు కలిసిన తెలుపు రంగు) కాకటీల్ ఉంది, తలపై కుచ్చున్న చిన్న చిలుక జాతి పక్షి, పేరు చిన్నోడు. దుకాణంలో ఇచ్చిన మిశ్రమంలో పొద్దుతిరుగుడు గింజలను మాత్రమే ఏరుకుని తిని, కొర్రలను గిన్నె అడుగున వదిలేస్తుంది. ఈకలు రాల్చడం మొదలై నెల దాటినా, తలపై కొత్త ఈకల ముళ్లు విచ్చుకోకుండా అలాగే ఉన్నాయి. రెక్కల చివరలు పెళుసుబారాయి. పరీక్షించిన పశువైద్యులు మాంసకృత్తులు తక్కువయ్యాయని, వారానికి రెండుసార్లు ఉడికించిన గుడ్డు పెట్టమని చెప్పారు. మా వంటింట్లోకి గుడ్డు రాదు, అత్తయ్యగారు ఒప్పుకోరు. పెసలతో సరిపెట్టవచ్చునా?

పటమట పక్షిప్రేమి:
నిశ్చింతగా సరిపెట్టవచ్చునండీ. పెసలలో 24 శాతం మాంసకృత్తులు ఉంటాయి, గుడ్డులో ఉండేది 13 శాతం లోపే. రాత్రి నానబెట్టి, మొలక ముక్కు కనబడగానే రెండుమూడుసార్లు కడిగి పెట్టండి. ఇది ఆస్ట్రేలియా గడ్డిమైదానాల పక్షి, అక్కడ దీనికి గుడ్లు ఉడికించి పెట్టేవారెవరూ లేరు. పైగా మాంసకృత్తులు మితిమీరితే మూత్రపిండాలు దెబ్బతిని గౌట్ (ఒంట్లో యూరిక్ ఆమ్లం పేరుకునే జబ్బు) వస్తుంది.

మోహన్, బ్రాడీపేట:
పక్షిప్రేమి గారు డబ్బాలోని ఎండు పెసల లెక్కను తెచ్చి ఉడికిన గుడ్డు లెక్క పక్కన పెట్టారు. పెసలు ఉడికితే నీరు చేరి ఆ 24 కాస్తా సుమారు 7కు దిగుతుంది. గుడ్డులోని నీటిని కూడా తీసివేసి చూస్తే అందులో దాదాపు సగం మాంసకృత్తులే. అసలు విషయం శాతం కూడా కాదు. ఈకలో పదింట తొమ్మిది వంతులు కెరటిన్ అనే మాంసకృత్తి ఉంటుంది, దాన్ని తయారుచేసుకోవడానికి గంధకం ఉన్న మిథియోనిన్, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు కావాలి. పప్పుధాన్యాలలో మిథియోనిన్ తక్కువ. పొద్దుతిరుగుడులో 20 శాతం మాంసకృత్తులున్నా లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం చాలదు, గింజలో సగం కొవ్వే. గుడ్డులో ఈ లోటు ఏదీ లేదు.

పటమట పక్షిప్రేమి:
నేను మొలకల గురించి చెప్పాను, ఉడికిన పెసల గురించి కాదు. దయచేసి సరిగా చదవండి.

మోహన్, బ్రాడీపేట:
చదివాను. మొలకలలోనూ నీరు చేరుతుంది కనుక మీ లెక్క తగ్గుతుంది.

మిరపయార్డు వాసి, గుంటూరు:
మా రామచిలుకకు పండుమిర్చి, జామకాయ తప్ప ఏనాడూ ఏమీ పెట్టలేదు, పన్నెండేళ్లు బతికింది.

నిర్వాహకుడు:
రామచిలుకను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, దాని పెంపకం గురించి ఇక్కడ చర్చించవద్దు. మిర్చి ఘాటు పక్షులకు తెలియదు కాని, ఇక్కడి ప్రశ్న అది కాదు.

పటమట పక్షిప్రేమి:
పప్పులో తక్కువైన మిథియోనిన్ కొర్రలలో ఉంది, కొర్రలలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంది. రెండూ కలిస్తే లోటు తీరుతుంది. మనం తరతరాలుగా పులగం వండుకుంటున్నది ఆ పద్ధతిలోనే.

మోహన్, బ్రాడీపేట:
ఆ పక్షి కొర్రలు ముట్టడం లేదని శ్రావణి గారు ముందే చెప్పారు. పులగం ఎవరికి వండుతారు? గౌట్ మాటకొస్తే, 2001లో వెలువడిన ఒక పరిశోధనలో పెద్ద కాకటీళ్లకు 11 నుంచి 70 శాతం వరకు మాంసకృత్తులున్న మేత నెలల తరబడి పెట్టి చూశారు, గౌట్ రాలేదు. మూత్రపిండాలు ముందే చెడిన పక్షి సంగతి వేరు. మే నెలలో మన ఊళ్లలో మొలకలు మధ్యాహ్నానికే జిగురు పట్టి వాసన వేస్తాయన్న సంగతి మీరెందుకు చెప్పరు?

పటమట పక్షిప్రేమి:
గంటలో తీసివేయాలని వేరే చెప్పాలా? మీ గుడ్డు మాత్రం ఎండలో గంధంలా పరిమళిస్తుందా? అసలు ఒక ఇంటి ఆచారాన్ని గౌరవించి సలహా ఇవ్వడం మీకు చేతకాదు.

మోహన్, బ్రాడీపేట:
ఆచారం మాట మీరే ఎత్తారు కనుక చెబుతున్నాను. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా నాన్నగారు గుడ్డు తేవద్దంటే, మూడేళ్లపాటు నా కాకటీల్‌ను గింజలతో, నానిన శనగలతో పెంచాను. వీపు మీద ఈకలు లేక, చలికి పంజరం మూలన ముడుచుకుని కూర్చునేది. ఆ చలికాలం దాటలేదు. ఆచారం మనది. పంజరం తలుపు తీసి తనకు కావలసినది తెచ్చుకునే వీలు దానికి లేదు.

పటమట పక్షిప్రేమి:
మీ నాన్నగారి మీద కోపం నా మీద చూపిస్తున్నారు. మా ఇంట్లో వారానికి నాలుగు రోజులు కోడిగుడ్ల కూర వండుతారు, నాకు ఆచారం అడ్డు కాదు. నాలుగేళ్ల కిందట ఒక దుకాణదారు చెప్పాడని మా గౌరికి రోజూ గుడ్డు పెట్టాను. జత లేకపోయినా మూడు నెలల్లో మూడు విడతలు గుడ్లు పెట్టింది. ఒంట్లోని కాల్షియం అంతా పెంకులకే పోయింది. చివరి గుడ్డు లోపలే ఇరుక్కుని, పంజరం అడుగున రెక్కలు పరచుకుని ముక్కుతూ ఉంటే, ఆదివారం నాడు తలుపు తీసిన ఆసుపత్రి కోసం బెంజి సర్కిల్ చుట్టూ రెండు గంటలు తిరిగాను. అట్టపెట్టెలోనే పోయింది. గుడ్డు పెట్టమని ఎవరికైనా చెప్పాలంటే నా చెయ్యి ఆడదు.

మోహన్, బ్రాడీపేట:
ఇది మొదటే చెప్పి ఉంటే నేను శాతాల గురించి అంతసేపు వాదించేవాణ్ణి కాదు. రోజూ గుడ్డు పెట్టమని నేనూ అనలేదు. రోజూ అందే బలమైన మేతను ఆడపక్షి శరీరం గూడు కట్టే కాలంగా భావించి గుడ్లకు సిద్ధమవుతుంది. మగపక్షికి ఆ ప్రమాదం లేదు. శ్రావణి గారిది మగపక్షి.

కొత్తపేట కుర్రాడు:
అది మగదని ఎవరు చెప్పారు? లుటినోలలో ముఖం చూసి తేల్చలేము. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని తోక ఈకల అడుగుభాగం చూడమనండి.

శ్రావణి (సత్యనారాయణపురం, విజయవాడ):
మగదని చెప్పింది అమ్మినవారే. ఈ ఉదయం బాల్కనీలో ఎండకు ఎదురుగా పట్టుకుని తోక కింద చూశాను. తెల్లని ఈకలలో అడ్డంగా, పసుపు నీళ్లలో ముంచిన దారం అద్దినట్టు, సన్నని చారలు వరుసగా ఉన్నాయి. ఛాయాచిత్రం పంపితే వైద్యులు ఆడపక్షే అయి ఉంటుందని చెప్పి, గుడ్డును వారానికి ఒక్కసారికి, అదీ బొటనవేలి గోరంత ముక్కకు తగ్గించారు. ఈకలు వచ్చాక మానేయాలట. మిగిలిన రోజులలో మెత్తగా ఉడికిన పెసలు ఉప్పు లేకుండా పెట్టమన్నారు, పొద్దుతిరుగుడు రోజుకు నాలుగైదు గింజలకు మించకూడదన్నారు, కాల్షియం కోసం పక్షి కొరుక్కునే కటిల్ బోన్ పంజరానికి కట్టమన్నారు. పై వాటాలో అద్దెకుంటున్న అక్కయ్య గుడ్డు తమ ఇంట్లో ఉడికించి ఇస్తామన్నారు. అత్తయ్యగారు అభ్యంతరం చెప్పలేదు కాని, ఆ గిన్నె తోమే పీచు వేరుగా ఉండాలన్నారు. పేరు మాత్రం చిన్నోడే, పిలిస్తే పలుకుతోంది కదా.

పటమట పక్షిప్రేమి:
ముందు కటిల్ బోన్ కట్టి ఒక వారం గడవనివ్వండమ్మా. గుడ్డు సంగతి ఆ తరువాత చూడవచ్చు.

మోహన్, బ్రాడీపేట:
రెండూ ఒకే రోజు మొదలుపెట్టినా నష్టమేమీ లేదు.