సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయికి అమెరికా కాలేజీ స్కాలర్‌షిప్: కన్సల్టెన్సీకి డబ్బు కట్టాలా, మనమే ప్రయత్నించాలా?

కపిలతీర్థం రోడ్డు:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, 2027లో ఇంటర్ అయిపోతుంది. ఏడో తరగతి నుంచి సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) ఆడుతోంది, పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి వేసే అమ్మాయి. అండర్ 17 స్కూల్ గేమ్స్‌లో రాష్ట్రం తరఫున నేషనల్స్‌కి వెళ్ళొచ్చింది. (మా బంధువుల్లో సగం మంది ఇప్పటికీ సాఫ్ట్‌బాల్ అంటే టెన్నిస్ బంతితో ఆడే క్రికెట్ అనుకుంటారు, అది వేరే బాధ.)

అమెరికాలో ఉండే మా తోడల్లుడు అక్కడ ఆడపిల్లలకి సాఫ్ట్‌బాల్ మీద కాలేజీ ఫీజులు కడతారని చెప్పినప్పటి నుంచి పిల్ల మనసంతా దాని మీదే ఉంది. విచారిస్తే ఒక కన్సల్టెన్సీ వాళ్ళు తగిలారు. ఇప్పుడు రెండున్నర లక్షలు కట్టాలట, స్కాలర్‌షిప్ వచ్చాక అందులో పది శాతం వాళ్ళకివ్వాలట, సీటు మాత్రం గ్యారంటీ అంటున్నారు. ఇంకోపక్క కాలేజీ వాళ్ళు స్టడీ అవర్స్ మానేసి గ్రౌండ్‌కి పంపేది లేదంటున్నారు. మా ఇంటావిడేమో ముందు ఈఏపీసెట్ సంగతి చూడండి అంటుంది. అసలు ఇది అయ్యే పనేనా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

డాలస్‌లో చిత్తూరోడు:
అన్నా, ముందు ఆ కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. గ్యారంటీ అన్నారంటేనే అనుమానించాలి, ఎందుకంటే ఇక్కడ సీటు, స్కాలర్‌షిప్ ఇచ్చేది కోచ్, కాలేజీ, మధ్యలో వాళ్ళ చేతిలో ఏమీ ఉండదు. దానికంటే పెద్ద సంగతి ఆ పది శాతం. వీడియో పంపిపెట్టినందుకు ఒక ఫీజు అని తీసుకుంటే ఎన్‌సీఏఏ (ఇక్కడ కాలేజీ ఆటలు నడిపే పెద్ద సంఘం) ఒప్పుకుంటుంది గానీ, వచ్చిన స్కాలర్‌షిప్‌ని బట్టి వాటా తీసుకుంటే మాత్రం పిల్ల అర్హతకే ఎసరు. డబ్బూ పోయి, ఆటా పోతుంది.

మా అమ్మాయి ఇక్కడ హైస్కూల్లో ఆడుతోంది, నాకు తెలిసింది చెప్తా. కాలేజీ ఆట అంతా ఒకటే కాదు. ఎన్‌సీఏఏలో మూడు డివిజన్లు. డివిజన్ వన్ అంటే టీవీలో చూసే పెద్ద యూనివర్సిటీలు. ఇదివరకు ఒక్కో టీమ్‌కి 12 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే ముక్కలు చేసి అందరికీ పంచేవాళ్ళు. 2025-26 నుంచి, ఒక కోర్టు కేసులో కుదిరిన కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలకి ఆ పరిమితి తీసేసి టీమ్‌లో 25 మందే ఉండాలని పెట్టారు. డివిజన్ టూలో టీమ్ మొత్తానికి 7.2 స్కాలర్‌షిప్‌లు, అంటే ఫుల్ స్కాలర్‌షిప్ చాలా తక్కువ మందికే. డివిజన్ త్రీలో ఆట మీద పైసా ఇవ్వరు, మార్కుల మీదా ఇంటి ఆదాయం మీదా సాయం చేస్తారు. ఇవి కాక ఎన్ఏఐఏ అని చిన్న కాలేజీల సంఘం ఒకటి, ఎన్‌జేసీఏఏ అని రెండేళ్ళ జూనియర్ కాలేజీలది (మన ఇంటర్ కాలేజీలు కాదు, ఇక్కడ హైస్కూల్ అయ్యాక చేరేవి) ఒకటి ఉన్నాయి. మన పిల్లలు చూడాల్సింది ముందు ఈ రెండూ, డివిజన్ టూ. జూనియర్ కాలేజీలో రెండేళ్ళు ఆడి పెద్ద కాలేజీకి మారేవాళ్ళు ఇక్కడ బోలెడు మంది.

డివిజన్ వన్ కోచ్‌లు మన 11వ తరగతికి సమానమైన ఏడాది సెప్టెంబర్ 1 దాకా పిల్లలతో మాట్లాడకూడదనేది రూలు. మీ అమ్మాయికి ఆ తేదీ దాటింది కాబట్టి ఇప్పుడు రాస్తే జవాబు ఇవ్వొచ్చు. ఇస్తారా లేదా అన్నది వేరు.

ఇక చదువు. ఆడే అర్హత ఉందో లేదో తేల్చే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో మీరే నేరుగా రిజిస్టర్ చేసుకోవచ్చు. తొమ్మిదో తరగతి నుంచి మార్కులు అడుగుతారు, టెన్త్ మెమో ఒక్కటి సరిపోదు. పాత స్కూలుకెళ్ళి తొమ్మిదో తరగతి మార్కుల లిస్టు స్టాంపు వేయించుకుని తెచ్చుకోండి, ఆ స్కూలు మూతపడకముందే. మొత్తం 16 కోర్ సబ్జెక్టులు లెక్క చూస్తారు, ఒక సబ్జెక్టు ఒక ఏడాది చదివితే ఒకటి కింద లెక్క. డివిజన్ వన్‌కి ఇంగ్లీషు నాలుగేళ్ళు, లెక్కలు మూడేళ్ళు, సోషల్ రెండేళ్ళు ఉండాలి. ఎంపీసీ కాబట్టి లెక్కలకి ఇబ్బంది లేదు, సోషల్ తొమ్మిది, పదిలో అయిపోయింది. ఇంటర్‌లో లెక్కలు లేని బైపీసీ పిల్ల అయితే మూడో ఏడాది లెక్కల దగ్గరే చిక్కుకునేది. ఎన్‌సీఏఏకి శాట్ అనే ప్రవేశ పరీక్ష 2023 నుంచి అక్కర్లేదు గానీ కొన్ని కాలేజీలు సొంతంగా అడుగుతాయి. ఇంగ్లీషు పరీక్ష కూడా చాలా కాలేజీలు అడుగుతాయి.

ఇంకొకటి, సగం స్కాలర్‌షిప్ వచ్చినా మిగతా సగం మీరు చూపించాలి. ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) ఇచ్చే ముందు మొదటి ఏడాది ఖర్చుకి డబ్బు ఉందని కాగితాలు అడుగుతారు. ఇంట్లో కూర్చుని ఆ లెక్క ముందే వేసుకోండి.

లీలామహల్ సర్కిల్:
ఈ ఆటలు, అమెరికాలు అన్నీ ఎందుకన్నా, రెండేళ్ళు గట్టిగా చదివిస్తే ఇక్కడే మంచి ఇంజినీరింగ్ సీటు వస్తుంది కదా. ఆడేవాళ్ళు చివరికి ఏమయ్యారో చూస్తూనే ఉన్నాం.

పలమనేరు పీఈటీ:
లీలామహల్ తమ్ముడూ, ఆడినవాళ్ళు చాలామంది ఉద్యోగాల్లోనే ఉన్నారు, నీకు కనిపించలేదంతే. సరే అది వదిలేద్దాం.

కపిలతీర్థం గారూ, అమెరికా కోచ్‌కి మన సర్టిఫికెట్ చూస్తే ఏమీ అర్థం కాదు. అక్కడి పిల్లలు వేసవంతా క్లబ్బుల తరఫున టోర్నమెంట్లు ఆడితే కోచ్‌లు వెళ్ళి కళ్ళారా చూస్తారు. మనకి ఆ అవకాశం లేదు కాబట్టి వీడియోనే మన టోర్నమెంట్ అనుకోండి. పెళ్ళి వీడియోలాగా పాటలు, స్లో మోషన్లు పెట్టి చెడగొట్టొద్దు. మూడు నాలుగు నిమిషాలు చాలు.

పిచర్‌కి రెండు కోణాలు ముఖ్యం. ఒకటి క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టే అమ్మాయి) వెనక నుంచి, బంతి ఎక్కడ తిరుగుతోందో, ఎక్కడ పడుతోందో తెలియాలి. ఫోన్ చేత్తో పట్టుకుంటే వణుకుతుంది, వల వెనకాల స్టాండ్ మీద పెట్టి, లెన్స్ వల కన్నం మధ్యకి వచ్చేలా చూసుకోండి, లేకపోతే ఫోకస్ వల మీదకి పోయి పిల్ల మసకబారిపోతుంది. రెండోది పక్క నుంచి, చెయ్యి తిరిగే పక్క, తలనుంచి పాదం దాకా కనబడాలి. కాలు ఎంత బలంగా తోసి ముందుకొస్తోందో కోచ్‌లు అక్కడే చూస్తారు. ఫాస్ట్‌బాల్ (వేగంగా వచ్చేది), డ్రాప్ (కిందికి దిగేది), చేంజ్‌అప్ (మోసం చేసే నెమ్మది బంతి), ఏది వేస్తోందో ముందే చెప్పి వెయ్యమనండి. వరసగా వేసిన పది బంతులు కత్తిరించకుండా పెట్టండి, గతి తప్పినవి కూడా ఉండనివ్వండి, బాగున్నవే ఏరి పెడితే వాళ్ళకి తెలిసిపోతుంది.

దూరం మాత్రం టేపుతో కొలవండి. మన గ్రౌండ్లలో అడుగులేసి కొలిచి సున్నం గీత గీసేస్తారు, తీరా చూస్తే 40 కూడా ఉండదు. అక్కడ కాలేజీలో 43 అడుగులు. తక్కువ దూరం నుంచి వేసిన స్పీడు చూపిస్తే నమ్మకం పోతుంది. స్పీడు రాడార్ గన్‌తో తీయించండి, ఏ క్రికెట్ అకాడమీలో అయినా అడిగితే ఒక పూట ఇస్తారు. డివిజన్ వన్ పిచర్లు గంటకి 60 మైళ్ళు దాటి వేస్తారు, అంటే 96 కిలోమీటర్ల పైమాట. మీ అమ్మాయి ఎంత వేస్తోందో తెలిస్తే ఏ కాలేజీలకి రాయాలో మీకే ఒక అంచనా వస్తుంది.

ఇక్కడి దారి కూడా మూసుకోకండి. స్కూల్ గేమ్స్ సర్టిఫికెట్ ఒరిజినల్ భద్రంగా పెట్టండి, ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో స్పోర్ట్స్ కోటా ఉంది. ఎస్వీ యూనివర్సిటీ అయినా మహిళా యూనివర్సిటీ అయినా ఇంటర్ యూనివర్సిటీ పోటీలకి టీమ్‌లు పంపుతాయి. భుజం నొప్పి అంటే మాత్రం పుత్తూరు కట్టు కట్టించేసి మళ్ళీ గ్రౌండ్‌కి పంపకండి, ఫిజియోకి చూపించండి.

కపిలతీర్థం రోడ్డు:
చాలా థాంక్స్ అన్నా, సార్. కన్సల్టెన్సీ వాళ్ళకి వద్దని చెప్పేశాను, అప్పటి నుంచి రోజూ ఫోన్లు, ఇప్పుడు లక్షన్నరకి దిగారు. రెండు సందేహాలు. మెయిల్స్ నేను రాయొచ్చా, పిల్లకి ఇంగ్లీషులో రాయాలంటే టెన్షన్. రెండోది, అక్కడ ఆలస్యమైతే ఎందుకైనా మంచిదని ఇక్కడ బీటెక్‌లో చేర్చి ఒక ఏడాది చూద్దామా?

పుత్తూరు పిల్ల:
అంకుల్, నేను ఇక్కడ అమెరికాలో జూనియర్ కాలేజీ టీమ్‌లో సెకండ్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసేదాన్ని, కాబట్టి చెప్తున్నా. మెయిల్ మీరు రాయకండి. నాన్న రాశాడని కోచ్‌కి రెండో లైన్‌లోనే తెలిసిపోతుంది. తప్పులున్నా తనే రాయాలి, రేపు వీడియో కాల్‌లో మాట్లాడాల్సింది తనే కదా.

సబ్జెక్ట్ లైన్‌లోనే పేరు, 2027, పిచర్, ఇండియా, స్పీడు పెట్టేయాలి. లోపల కోచ్ పేరు రాసి, ఎత్తు, ఏ చేత్తో వేస్తుంది, మార్కులు, వీడియో లింకు, ఆ కాలేజీలో ఏం చదవాలనుకుంటోంది, అంతే. డియర్ సర్ ఆర్ మేడమ్ అని పెట్టి వంద మందికి ఒకేసారి పంపితే ఒక్కరూ తెరవరు. పంపే ముందు ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో టీమ్ జాబితా చూడమనండి. పిచర్లు ఎంతమంది, వాళ్ళలో 2027లో వెళ్ళిపోయే సీనియర్లు ఎవరు అని. ఇద్దరు పిచర్లు ఖాళీ అయ్యే చోట మన మెయిల్‌కి విలువుంటుంది, నలుగురు ఫస్టియర్ పిచర్లున్న చోట ఎంత బాగా వేసినా లాభం లేదు. చాలా కాలేజీలు అదే సైట్‌లో రిక్రూట్ ఫారం పెడతాయి, అది కూడా నింపాలి. జవాబు రాకపోతే మూడు నాలుగు వారాలాగి కొత్త వీడియోతో మళ్ళీ రాయాలి, సిగ్గుపడక్కర్లేదు.

బీటెక్ సంగతి జాగ్రత్త అంకుల్. డివిజన్ వన్‌కి సంబంధించి ప్రపంచంలో ఏ కాలేజీలో ఫుల్‌టైమ్ చేరినా ఆ రోజు నుంచే ఐదేళ్ళ గడియారం, అంటే కాలేజీ ఆట ఆడేయాల్సిన గడువు, మొదలవుతుంది, ఆపైన ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి ట్రాన్స్‌ఫర్ కింద లెక్కవుతుంది. ఇంటర్ అయ్యాక ఖాళీగా ఉండి ఆడుతూ ఏడాదికి మించి గడిపినా అక్కడ ఆడగలిగే సీజన్లు తగ్గిపోతాయి. అందుకే ఇంటర్ పూర్తయిన ఆగస్టుకే వెళ్ళేలా చూసుకోండి, లేదంటే ఏం చేయాలో ఎలిజిబిలిటీ సెంటర్‌కే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెలుసుకుని అప్పుడు చేర్చండి. మాటలు నమ్మొద్దు, నావి కూడా.

కపిలతీర్థం రోడ్డు:
సరేనమ్మా, ఇవాళే కూర్చోబెట్టి కాలేజీల జాబితా తయారు చేయిస్తాను. వాళ్ళమ్మ కూడా ఇదంతా చదివింది, ఈఏపీసెట్ కోచింగ్ మానకపోతే సరే అంది. ఆదివారం పొద్దున యూనివర్సిటీ గ్రౌండ్‌లో వీడియో తీద్దామనుకుంటున్నాం. పీఈటీ సార్, ఆ 43 అడుగులు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి?

పలమనేరు పీఈటీ:
హోమ్ ప్లేట్ (బ్యాటర్ దగ్గర నేల మీద ఉండే పలక) వెనక మొన నుంచి పిచర్ ప్లేట్ (పిచర్ కాలు పెట్టి వేసే పట్టీ) ముందు అంచు దాకా. ఎండ పిల్ల ముఖం మీద పడేలా తీయండి, వెనక నుంచి కొడితే నల్లగా నీడలా వస్తుంది. ఏడున్నర లోపు ముగించేయండి, ఆ తర్వాత క్రికెట్ వాళ్ళు వచ్చేస్తారు.